పెళ్లి భోజనాల లెక్క గూగుల్ షీట్స్‌లో: పూటలవారీగా వేసుకునే పద్ధతి

అందరికీ నమస్కారమండి. స్క్రీన్ కనిపిస్తోంది కదా. ఇవాళ పెళ్లికి అతిథుల లెక్క, భోజనాల లెక్క గూగుల్ షీట్స్‌లో ఎలా పెట్టుకోవాలో మొదటినుంచి చేసి చూపిస్తాను. ఖర్చేమీ లేదు, జీమెయిల్ ఉంటే చాలు.

పెళ్లి ప్లానింగ్‌కి యాప్‌లు చాలా ఉన్నాయి, కొన్ని బాగానే పనిచేస్తాయి. కానీ మన పెళ్లిళ్లకి, వస్తున్నారా లేదా అని ఒక్క టిక్కు పెడితే సరిపోదండి. క్యాటరింగ్ ఆయన ఏమడుగుతారు? "రాత్రికి ఎన్ని ప్లేట్లు, పొద్దున టిఫిన్‌కి ఎన్ని, మర్నాడు మధ్యాహ్నానికి ఎన్ని" అని అడుగుతారు. అదే కుటుంబం రాత్రి భోజనానికి ఐదుగురు వస్తారు, పొద్దున టిఫిన్‌కి ఇద్దరే ఉంటారు. అందుకని లెక్క పూటల మీద నడవాలి. ఇవాళ చేసేదంతా ఆ పూటల కోసమే.

సరే, మొదలుపెడదాం. బ్రౌజర్‌లో పైన అడ్రస్ బార్‌లో షీట్స్ డాట్ న్యూ అని కొట్టండి. అంతే, కొత్త షీట్ వచ్చేసింది. డ్రైవ్ తెరిచి, న్యూ నొక్కి, అవన్నీ అక్కర్లేదు. ఫామ్‌కి కూడా ఇలాగే, ఫామ్స్ డాట్ న్యూ. నాకు బాగా నచ్చిన షార్ట్‌కట్ ఇది. పేరు పెట్టేశాను. కాలమ్స్ ఇలా: ఇంటి పెద్ద పేరు, ఊరు, ఎవరి తరపు, ఫోన్ నంబర్, పిలుపు అయిందా. పిలుపు కాలమ్‌కి ఇన్సర్ట్‌లో చెక్‌బాక్స్. ఇదిగో, వచ్చింది. పై వరస కదలకుండా వ్యూలో ఫ్రీజ్, వన్ రో. అయిపోయింది.

ఇక్కడనుంచి పూటలు. ఎఫ్ కాలమ్ నుంచి మొదలుపెడుతున్నాను చూడండి. బుధవారం మధ్యాహ్నం, బుధవారం సాయంత్రం టిఫిన్, బుధవారం రాత్రి భోజనం, గురువారం తెల్లవారుజాము కాఫీ, గురువారం టిఫిన్, గురువారం మధ్యాహ్నం. ఆరు పూటలు, ఆరు కాలమ్స్.

ఇప్పుడు తేదీలు. ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం, ఎందుకంటే మిగతా షీటంతా దీనిమీదే నిలబడుతుంది.

ఈ శుభలేఖ నమూనా చూడండి. ఉదాహరణకి నేను తయారుచేసుకున్నది, ముహూర్తం పంచాంగం చూసి పెట్టింది కాదు. ఏం రాసుంది? "2026 మార్చి 11వ తేదీ బుధవారం రాత్రి 2 గంటల 36 నిమిషాలకు, తెల్లవారితే గురువారం." ఈ చివరి మాట మీద కర్సర్ పెడుతున్నాను. తెల్లవారితే గురువారం. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలై మళ్లీ సూర్యోదయందాకా ఉంటుంది. కాబట్టి రాత్రి 2:36 ఇంకా బుధవారమే. శుభలేఖ రాసినవాళ్లది తప్పేమీ లేదు. కానీ కంప్యూటర్‌కి, ఫోన్‌కి, రైల్వేకి రోజు అర్ధరాత్రి 12కే మారిపోతుంది. వాటి లెక్కలో ఈ ముహూర్తం 12వ తేదీ గురువారం తెల్లవారుజాము 2:36.

మరి క్యాలెండర్‌లో 11వ తేదీ 2:36 ఏఎం అని పెట్టారనుకోండి, ఏమవుతుంది? ముహూర్తం పూర్తిగా ఒక రోజు ముందే పడిపోతుంది. మంగళవారం రాత్రి పడుకుని బుధవారం తెల్లవారేలోపు అని అర్థం. పోనీ 12వ తేదీ అని మాత్రమే చెప్పి టైమ్ చెప్పకపోతే? చుట్టాలు గురువారం సాయంత్రానికి దిగుతారు, అప్పటికి పెళ్లయిపోయి మండపం విప్పేస్తుంటారు. అందుకే షీట్‌లో 'ముఖ్యం' అని ఇంకో ట్యాబ్ తీసి, అందులో రెండు వరసలు విడివిడిగా పెడుతున్నాను. ముహూర్తం: 12 మార్చి, 2:36 ఏఎం. పెళ్లి భోజనం: 11 మార్చి, రాత్రి 7:30. తేదీలు వేరు, రాత్రి ఒకటే. పెద్ద సంఖ్య వచ్చేది ఈ 11వ తేదీ రాత్రి భోజనానికే.

తేదీ టైప్ చేసేముందు ఇంకొకటి చూడాలండి. 11 స్లాష్ 03 స్లాష్ 2026 అని కొడుతున్నాను. షీట్ ఏమీ అనలేదు. సరిగ్గా ఉన్నట్టే ఉంది. కానీ ఈ ఫైల్ లొకేల్, అంటే ఏ దేశం పద్ధతిలో తేదీలు చదవాలనే సెట్టింగ్, ఇప్పుడు యునైటెడ్ స్టేట్స్ అని ఉంది, అంటే ఇది దాన్ని నవంబర్ 3 అని చదివింది. ఎర్రర్ రాదు, రంగు మారదు. ఫైల్, సెట్టింగ్స్, లొకేల్, ఇండియా. దాని కిందే టైమ్ జోన్, అది కూడా ఇండియాదే ఎంచుకోండి. సేవ్. ఇప్పుడు ఆ పాత తేదీ చెరిపేసి మళ్లీ కొట్టండి. పాతది నవంబర్‌గానే ఉండిపోతుంది, దానంతటది మారదు.

పక్క గడిలో వారం, నెల రెండూ అక్షరాల్లో కనిపించేలా పెట్టుకోండి. ఫార్మాట్, నంబర్, కస్టమ్ డేట్ అండ్ టైమ్, ఇందులో వారం పేరు, రోజు, నెల పేరు. ఇదిగో, బుధవారం, 11 మార్చి అని ఇంగ్లీషులో వచ్చింది. వారం ఒక్కటే చాలదా అంటే, చాలదు. మన 11వ తేదీనే నవంబర్ 3గా చదివితే మంగళవారం అని వస్తుంది, వెంటనే దొరికిపోతుంది. కానీ 12 స్లాష్ 03ని డిసెంబర్ 3గా చదివినా 2026లో అదీ గురువారమే! నెల పేరు కూడా కనిపిస్తేనే దొరుకుతుంది.

ఈ తేదీ ఖాయమైతే రైలు టికెట్ల పని సులువు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, 2024 నవంబర్ 1 నుంచి ఈ పద్ధతి. అంతకుముందు 120 రోజులుండేది. కొందరు పెద్దవాళ్లు ఇంకా నాలుగు నెలలనే అనుకుంటున్నారు, వాళ్లకి ఫోన్ చేసి చెప్పండి. షీట్‌లో ప్రయాణం తేదీ గడి మైనస్ 60, అంతే. 10వ తేదీ బయల్దేరేవాళ్లకి జనవరి 9న, పొద్దున 8 గంటలకి బుకింగ్ తెరుచుకుంటుంది. తిరుగు ప్రయాణం 12వ తేదీ రాత్రికి అయితే జనవరి 11. ఎవరైనా 'పెళ్లి బుధవారం కదా' అని అదే రాత్రి రైలుకి తిరుగు టికెట్ తీశారంటే, జీలకర్ర బెల్లం పెట్టేసరికి వాళ్లు రైల్లో ఉంటారు. అందుకే తిరుగు తేదీ కాలమ్ తప్పకుండా పెట్టుకోండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి గూగుల్ క్యాలెండర్ ఇన్విటేషన్ పంపిస్తే చాలు, టైమ్ అదే మార్చుకుంటుంది. డాలస్‌లో ఉన్నవాళ్లకి బుధవారం సాయంత్రం 4:06 అని చూపిస్తుంది. మార్చి 8న అక్కడ గడియారాలు ఒక గంట ముందుకి జరుపుతారు, ఆ లెక్క కూడా క్యాలెండరే చూసుకుంటుంది. పెళ్లి లైవ్ వీడియో లింకు కూడా అందులోనే అతికించేయండి.

ఇప్పుడు ఫామ్. ఫామ్స్ డాట్ న్యూ. పేరు, ఫోన్, ఊరు, ఎవరి తరపు, ఇవి మామూలే, గబగబా పెట్టేస్తున్నాను. పూటలకి మాత్రం ప్రశ్న రకం మార్చాలి. ఇక్కడ, మల్టిపుల్ చాయిస్ గ్రిడ్. రోస్‌లో ఆరు పూటలు, కాలమ్స్‌లో 0, 1, 2, 3, ఇలా 8 దాకా. '5 కంటే ఎక్కువ' అని మాటల్లో పెట్టకండి. అది అక్షరాల కింద పడుతుంది, మొత్తం కలిపే సమ్ ఫార్ములా దాన్ని వదిలేసి కలుపుతుంది, మీకు చెప్పదు కూడా. ఒట్టి అంకెలే పెట్టండి. కింద 'రిక్వైర్ ఎ రెస్పాన్స్ ఇన్ ఈచ్ రో' ఆన్ చేయండి. రెస్పాన్సెస్, లింక్ టు షీట్స్, మన షీట్ ఎంచుకోండి. అయిపోయింది.

ఈ ఫామ్ ఎప్పుడు పంపాలి అన్నది ముఖ్యం. బొట్టు పెట్టి పిలిచాకే పంపాలి. పిలుపు కంటే ముందు లింకు వెళ్తే పెద్దవాళ్ల మనసుకి కష్టంగా ఉంటుంది, అలా కష్టపెట్టి చేసే ప్లానింగ్ నాకైతే వద్దు. పిలుపు కాలమ్‌లో టిక్కు పడ్డాకే వాట్సాప్‌లో లింకు. ఇక లింకులు అలవాటు లేని పెద్దమ్మలు, మావయ్యలు ఉంటారు. ఇంట్లో పిల్లలెవరైనా ఫోన్ చేసి, బాగోగులు మాట్లాడి, "అత్తయ్యా, రాత్రికి ఉండి పొద్దున వెళ్తారా?" అని అడిగి వాళ్లే ఫామ్ నింపాలి. ఆ ఒక్క ప్రశ్నతో మూడు పూటల లెక్క తేలిపోతుంది.

ఒకే కుటుంబం రెండుసార్లు నింపేస్తుంది. నాన్నగారు ఒకసారి, అబ్బాయి ఒకసారి. దీనికి పేర్లతో వెతక్కండి, ఇంటిపేరు ముందూ వెనకా రాస్తారు. ఫోన్ నంబర్లు పోల్చండి. కొందరు ప్లస్ 91 పెడతారు, కొందరు మధ్యలో ఖాళీ వదులుతారు. అందుకని సబ్‌స్టిట్యూట్‌తో ఖాళీలు తీసేసి, రైట్‌తో చివరి పది అంకెలు తీసుకుంటున్నాను. ఫార్ములా స్క్రీన్ మీద ఉంది, ఆపి చూసుకోండి. తర్వాత కౌంట్‌ఇఫ్‌తో ఆ నంబర్ ఎన్నిసార్లు వచ్చిందో లెక్క, ఒకటికంటే ఎక్కువైతే పసుపు రంగు. తండ్రీకొడుకులు చెరో నంబరిస్తే ఇది పట్టుకోదు, అలాంటివి ఒకసారి కళ్లతో చూసుకోవాల్సిందే.

ఇప్పుడు మొత్తాలు, వీటికి ఇంకో ట్యాబ్. పూటకో సమ్. తరపులవారీగా కావాలంటే సమ్‌ఇఫ్, అది మనం చెప్పిన తరపువాళ్లవే కలుపుతుంది. ఒక గడిలో రాసి, దాన్నీ కుడిపక్క గడుల్నీ కలిపి ఎంచుకుని కంట్రోల్ ఆర్ నొక్కితే పక్కకి నిండుతుంది.

ఈ మొత్తాల కింద ఇంకో ఐదు వరసలు పెడుతున్నాను, ఇవి ఫామ్‌లో రావు. పురోహితులు, సన్నాయి మేళం, ఫోటో వీడియో వాళ్లు, డెకరేషన్ వాళ్లు, డ్రైవర్లు. ముహూర్తం 2:36కి అంటే మేళం వాళ్లు రాత్రంతా మేలుకునే ఉంటారు. తెల్లవారుజాము కాఫీ గడిలో వాళ్ల సంఖ్య ఉండాలి. బస్సు డ్రైవర్‌కి రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ రెండూ ఉండాలి. మనింటి శుభకార్యానికి పనిచేసేవాళ్లు చివర్లో మిగిలింది తినకూడదండి. వాళ్లకీ విస్తరి లెక్కలోనే పడాలి.

ఇక డైనింగ్ హాలు. ఇక్కడ ఒక చిన్న సూత్రం పనికొస్తుంది. జాన్ లిటిల్ అని అమెరికా ప్రొఫెసర్, ఆపరేషన్స్ రీసెర్చ్ ఆయన, 1961లో నిరూపించారు. బ్యాంకు క్యూకైనా, పెళ్లి బంతికైనా ఒకటే: లోపల సగటున ఉండే మనుషులు అంటే, గంటకి వచ్చేవాళ్లు ఇంటూ ఒక్కొక్కరు లోపల ఉండే సమయం. మన రాత్రి భోజనానికి 600 మంది, రెండు గంటల్లో వస్తారనుకుందాం. గంటకి 300. బంతి కూర్చుని, లేచి, ఆకులు తీసి, బల్ల తుడిచి, మళ్లీ విస్తళ్లు వేసేదాకా 40 నిమిషాలు. 300 ఇంటూ 40 బై 60. 200 కుర్చీలు. కానీ జనం సమానంగా రారు కదా. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్యే 400 మంది వచ్చేస్తే? ఇక్కడ 300 తీసి 400 కొడుతున్నాను. 267. హాల్లో 200 కుర్చీలే ఉంటే మిగతావాళ్లు కుర్చీల వెనక నిలబడతారు, తింటున్నవాళ్లకి ముద్ద దిగదు. హాలు అడ్వాన్స్ ఇవ్వకముందే ఈ గడి నింపి చూసుకోండి. కుర్చీలు తక్కువైతే పక్కన బఫే కౌంటర్ పెట్టించుకోవచ్చు, పెద్దవాళ్లని మాత్రం మొదటి బంతిలోనే కూర్చోబెట్టండి.

చివరగా షేరింగ్. ఈ ఫైల్‌లో చుట్టాలందరి ఫోన్ నంబర్లు ఉన్నాయి. జనరల్ యాక్సెస్ రెస్ట్రిక్టెడ్‌లోనే ఉంచండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి మాత్రం ఎడిటర్. క్యాటరింగ్ వాళ్లకి షీట్ లింకు ఇవ్వకండి, ఒక ట్యాబ్ చూపిద్దామన్నా మిగతా ట్యాబ్‌లు కూడా కనిపిస్తాయి. మొత్తాల ట్యాబ్ మీద ఉండి ఫైల్, డౌన్‌లోడ్, పీడీఎఫ్, కరెంట్ షీట్. అది పంపండి. ఫైల్ పేరులో తేదీ వేయండి, సంఖ్య మారి మళ్లీ పంపినప్పుడు ఏది కొత్తదో ఆయనకి తెలియాలి.

ఖాళీ షీట్ లింకు కింద డిస్క్రిప్షన్‌లో ఉంది. ఫైల్, మేక్ ఎ కాపీ కొట్టి మీ పేరుతో పెట్టుకోండి. పూటల పేర్లు మీ ముహూర్తాన్ని బట్టి మార్చుకోండి. పగటి ముహూర్తమైతే తెల్లవారుజాము కాఫీ కాలమ్ తీసేసి ముందురోజు రాత్రి భోజనం పెట్టుకోండి, విడిదిలో దిగేవాళ్లకి అది కావాలి.