బీట్‌రూట్ దుంప సరే, ఆకు సంగతేంటి?

హోస్ట్: నమస్తే అండీ, మన మిద్దెతోట ముచ్చట్లకు స్వాగతం. ఈరోజు మనతో సైనిక్‌పురి నుంచి ఒక అక్క ఉన్నారు, మేడ మీద ఏళ్లుగా కూరగాయలు పండిస్తున్నారు. అక్కా, బీట్‌రూట్ మన హైదరాబాద్‌లో గ్రో బ్యాగుల్లో వస్తుందా?

అక్క: ఎందుకు రాదు తమ్ముడూ, బ్రహ్మాండంగా వస్తుంది. కానీ ముందు ఒక మాట. దుంప కోసమే బీట్‌రూట్ పెంచితే సగం పంట పారేసుకున్నట్టే. ఆకు తొందరగా వాడిపోతుంది కాబట్టి రైతుబజార్‌కు వచ్చేసరికి చాలావరకు కోసేసే ఉంటుంది, మనం దుంపే కొనుక్కొస్తాం. అందుకే ఆ ఆకు రుచి చాలామందికి తెలీదు.

హోస్ట్: ఆకు తినడం ఈమధ్య వచ్చిన అలవాటా?

అక్క: కాదు, అదే పాత అలవాటు! ఇది మధ్యధరా తీరంలో పెరిగే అడవి బీట్ నుంచి వచ్చింది, మొదట్లో ఆకు కోసమే పండించారు. రోమన్లు దుంపను ఎక్కువగా మందుగా వాడేవాళ్లు. మన పాలకూర, తోటకూర కూడా ఇదే కుటుంబం. లేత ఆకు కందిపప్పులో వేసి, కాస్త చింతపండు, వెల్లుల్లి పోపు పెట్టి చూడు, కాడలు కూడా సన్నగా తరిగి వేసేయొచ్చు. పాలకూరలాగే దీంట్లోనూ ఆక్సలేట్లు ఎక్కువ, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడిగి తినాలి.

హోస్ట్: విత్తనం ఎప్పుడు వేయాలి?

అక్క: అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపు. దీనికి చలి కావాలి, ఎండలు ముదిరితే దుంప కోసినప్పుడు లోపల తెల్లటి వలయాలు కనిపిస్తాయి, రంగు పలచబడుతుంది. ఇదిగో, ఈ గింజ చూడు, గరుకుగా, ముడతలు ముడతలుగా ఉంది కదా? మనం ఒక్క గింజ అనుకుంటాం కానీ ఇది రెండు నుంచి నాలుగు గింజలు కలిసిన గుత్తి, అందుకే ఒక్కచోటే నాలుగు మొలకలు కూడా వస్తాయి. వాటిని అలాగే వదిలేస్తే ఒకదానికొకటి అడ్డుపడి ఏదీ దుంప ఊరదు. నాలుగు అంగుళాలకు ఒక మొక్క ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించాలి, పీకితే పక్కదాని వేరు కదులుతుంది. ఆ కత్తిరించినవి పప్పులోకే!

హోస్ట్: మట్టి?

అక్క: ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్, కొంచెం ఇసుక. బ్యాగు పది అంగుళాల లోతుంటే చాలు. పచ్చి పేడ వద్దు, నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా పెరిగి దుంప మాత్రం ఊరదు. ఒకరోజు ఎండబెట్టి ఇంకోరోజు నీళ్లు ముంచెత్తితే దుంప పగులుతుంది. రెండు నెలలకు దుంప పైభాగం మట్టి మీదికి తేలుతుంది, టెన్నిస్ బంతంత అయ్యాక ఆగకుండా తీసేయండి, ముదిరితే పీచు పడుతుంది. ఈలోగా ఒక్కో మొక్కకు చుట్టూ ఉన్న ఆకుల్లోంచి ఒకటీ రెండూ కోసుకోవచ్చు, మధ్య చిగురు ముట్టుకోకూడదు. ఉడకబెట్టేటప్పుడు అంగుళం కాడ, తొక్క ఉంచేయండి, లేకపోతే రంగంతా నీళ్లలోకి దిగిపోతుంది.

హోస్ట్: వేపుడు, హల్వా కాకుండా పాతకాలంలో ఇంకేం చేసేవాళ్లు?

అక్క: ఉత్తరాదిన నల్ల క్యారెట్‌తో పాటు దీన్ని ముక్కలు కోసి, ఆవపొడి, ఉప్పు, నీళ్లు పోసి ఎండలో పులియబెడతారు, కాంజీ అంటారు, పుల్లగా ఘాటుగా భలే ఉంటుంది. ఉక్రెయిన్‌వాళ్ల బోర్ష్ సూప్ వండే సంప్రదాయాన్నయితే 2022లో యునెస్కో అత్యవసరంగా కాపాడాల్సిన సంప్రదాయాల జాబితాలోనే చేర్చింది. ఇక చక్కెర సంగతి, 1747లో మార్‌గ్రాఫ్ అనే జర్మన్ శాస్త్రవేత్త బీట్ దుంపలో చెరకులో ఉన్న చక్కెరే ఉందని తేల్చాడు, యూరప్‌లో ఇప్పటికీ చక్కెర ఎక్కువగా దీని తెల్ల రకం నుంచే వస్తుంది.

హోస్ట్: చివరిగా, ఇది తిన్న మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే కొందరు భయపడతారు కదా?

అక్క: టెన్షన్ వద్దు, దుంపలోని రంగే కొందరిలో అలా బయటికి వస్తుంది. బీట్‌రూట్ తినకుండానే అలా కనిపిస్తే మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.