జెండా పాట, తక్‌పట్టీ
(హనుమకొండలో ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ఈ సభ పెట్టిన విద్యార్థులకు, వెనక బెంచీల్లో ఇప్పటికే ఫోన్లో ఏదో ఆడుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్కారం. ఆడేవాళ్ళు ఆపకండి. నా కస్టమర్లు మీరే.

'గేమింగ్ రంగంలో అవకాశాలు' మీద మాట్లాడమన్నారు. ఐదు పాయింట్లు రాసుకున్నాను. కానీ పొద్దున ఎనుమాముల మార్కెట్ ముందు నుంచి బండి మీద వచ్చాను. మిర్చి సీజన్ కదా, గేటు దాకా రాకముందే తుమ్ములు మొదలయ్యాయి. ఆ ఘాటుకు పాయింట్లన్నీ పోయి ఒక పాత సంగతి గుర్తొచ్చింది. ముందు అది చెప్పేస్తాను.

మాది పరకాల దగ్గర ఊరు. నాన్న మిర్చి వేస్తాడు. జెండా పాట అంటే ఇక్కడ సగం మందికి చెప్పనక్కర్లేదు, మిగతా సగం కోసం చెప్తున్నాను. పొద్దున మార్కెట్లో ఒక మంచి రాశి దగ్గర నిలబడి వేలం మొదలుపెడతారు. అక్కడ పలికిందే ఆ రోజు పై ధర. మరునాడు పేపర్లో వచ్చేదీ అదే. అది చూసి మా అమ్మ "ఈసారి అప్పు తీరుతది" అనేది. సాయంత్రం నాన్న జేబులో ఉండేది మాత్రం తక్‌పట్టీ, సరుకు అమ్మిపెట్టిన అడ్తిదారు కోతలన్నీ పోగా రాసిచ్చే లెక్క చీటీ. తేమ ఉందని ఒక కోత, తాలు కలిసిందని ఇంకో కోత, ఆ పైన కమీషన్, మోసినందుకు హమాలీ, తూచినందుకు దడ్వాయి. జెండా పాటకూ తక్‌పట్టీకీ మధ్య దూరమెంతో నాకు ఆరో తరగతిలోనే తెలుసు. తెలిసి కూడా మునిగాను.

గేమ్స్‌లో జెండా పాట ఏదో మీకు తెలుసు. అమెరికాలో ఎరిక్ బరోన్ అనే అతను నాలుగేళ్ళకు పైగా కూర్చుని బొమ్మలు, సంగీతం, కోడ్ అన్నీ ఒక్కడే చేసి, 2016 ఫిబ్రవరిలో స్టార్‌డ్యూ వ్యాలీ విడుదల చేశాడు. 4 కోట్ల కాపీలు దాటింది. అది వ్యవసాయం ఆట! నాన్నకు ఈ సంగతి చెప్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంటే చేన్ల దిగకుండ ఎవుసం జేసినోనికే గిట్టుబాటయిందన్నట్టు" అన్నాడు.

ఆ నాలుగేళ్ళూ బరోన్ ఇంటికి అతని సహచరి సంపాదన ఆసరాగా ఉంది. ఈ ముక్క ఎవరూ పోస్టర్ మీద వెయ్యరు. మీరు గేమ్ మొదలుపెట్టేముందు ఇంజన్ (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఏది, గ్రాఫిక్స్ ఏవి అని కాదు, బియ్యం ఎవరు కొంటారో తేల్చుకోండి. నాకు మా అక్క కొన్నది. ఆమె ఇవాళ సభకు రాలేదు, డ్యూటీ ఉంది.

ఉద్యోగం వదిలి పద్నాలుగు నెలలు చేశాను మొదటి గేమ్. అప్పుడు ఒక పబ్లిషర్, అంటే గేమ్‌ను విడుదల చేసి అమ్మిపెట్టేవాడు, దొరికాడు. పేరు చెప్పను. చెప్పకూడదని ఒప్పందంలోనే ఉంది. ఇరవై రెండు పేజీల ఒప్పందం, నేను మూడు పేజీలు చదివాను. 'ఖర్చులు రాబట్టుకున్నాక లాభం చెరిసగం' అని ఉంది. సగం అన్న మాట కనబడింది, ఖర్చులు అన్న మాట కనబడలేదు. ఎంత ఖర్చు పెట్టొచ్చో పరిమితి లేదు, బిల్లులు చూపించాలన్న షరతు లేదు. మూడు నెలలకు లెక్క వచ్చింది. అమ్మకాలు ఉన్నాయి. గేమ్ అమ్మిన ఆన్‌లైన్ స్టోర్ కోత ఉంది. కొన్నవాళ్ళు తిరిగిచ్చినవి ఉన్నాయి. ఆ కింద ఒకే లైన్, 'ప్రచారం', పక్కన పెద్ద అంకె. అన్నిటికన్నా కింద, నేనే వాళ్ళకు బాకీ.

ఆ కాగితం ప్రింటు తీసుకుని ఇంటికి పోయాను. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, అంకెలు వచ్చు. "గిది తక్‌పట్టీ గదరా" అన్నాడు. నేను తలూపాను. "ఖర్సు రాసేది వాళ్ళే, పట్టుకునేది వాళ్ళే. మా అడ్తిదారు నయం, హమాలీకి ఎంతిచ్చిండో నా ముంగటనే ఇస్తడు. సంతకమెందుకు పెట్టినవ్ బిడ్డా?"

జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ గేమ్ పేరు కూడా వాళ్ళకే రాసిచ్చాను, రెండో భాగం నేను చెయ్యలేను. స్టోర్‌లో పేజీ వాళ్ళ ఖాతాలోనే ఉంది. నా గేమ్‌కు రివ్యూ రాసినవాళ్ళకు జవాబివ్వాలన్నా నాకు లాగిన్ లేదు!

కాబట్టి ఒక్కసారి పెన్ను తియ్యండి. నిజంగానే తియ్యండి, ఫోన్లో రాసుకున్నా సరే. పబ్లిషర్ వస్తే అడగవలసినవి: ఖర్చుకు గరిష్ఠ పరిమితి ఎంత? బిల్లులు చూపిస్తారా? ఒప్పందం ఎన్నేళ్ళు? మీరు విడుదల చెయ్యకపోతే హక్కులు నాకు తిరిగొస్తాయా? పేరు ఎవరిది? అన్నిటికన్నా ముందు, నేను చెయ్యలేనిది మీరేం చేస్తారు? కంప్యూటర్ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో గేమ్ పెట్టడానికి ఫీజు 100 డాలర్లే, 1,000 డాలర్ల అమ్మకం దాటితే అది కూడా తిరిగొస్తుంది. గూగుల్ ప్లేలో ఒక్కసారి 25 డాలర్లు. ఆపిల్‌కు మాత్రం ఏడాదికి 99. ఫారం నింపడానికే అయితే సగం ఎవరికీ ఇవ్వక్కర్లేదు. ఒప్పందం చూపించడానికి వకీలుకిచ్చే ఫీజు ఎక్కువనుకున్నాను నేను. ఆ ఎక్కువ ఎంతో ఇప్పుడు తెలుసు.

ఇక మీ సొంత తక్‌పట్టీ. మనదేశంలో గేమ్‌కు 590 రూపాయలు పెట్టారనుకుందాం. 18 శాతం జీఎస్టీ పోతే 500. స్టీమ్ 30 శాతం తీసుకుంటే 350. అది పూర్తి ధర కట్టినవాళ్ళ దగ్గర. మనవాళ్ళు డిస్కౌంట్ దాకా ఆగుతారు, నేనూ ఆగుతాను. కొన్న పద్నాలుగు రోజుల్లో, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపస్ అడగొచ్చు. మీ గేమ్ గంటన్నరలో అయిపోతే ఆ సంగతి ముందే ఆలోచించుకోండి. అమెరికాలో అమ్మిన వాటి మీద అక్కడి పన్ను 30 శాతం పట్టుకుంటారు. రెండు దేశాల ఒప్పందం ప్రకారం పాన్ నంబరుతో ఫారం సరిగ్గా నింపితే అది 15కు తగ్గుతుంది. నేను మొదట ఆ గడి ఖాళీగా వదిలేశాను. ఒక గడి!

సార్ గడియారం చూపిస్తున్నారు. ఐదు నిమిషాలు, సార్. భోజనాలు ఎక్కడికీ పోవు.

ఇంకో తప్పు. ఐడియా ఎవరో కొట్టేస్తారని విడుదల రోజు దాకా ఎవరికీ చూపించలేదు. తమ్ముళ్ళూ, మన ఐడియా ఎవడికీ అక్కర్లేదు, ఎవడి పిచ్చి వాడిది. స్టోర్ పేజీ కనీసం రెండు వారాల ముందు పెట్టాలన్నది స్టీమ్ నిబంధన. మీరు నెలల ముందు పెట్టండి. నచ్చినవాళ్ళు విష్‌లిస్ట్‌లో, అంటే తర్వాత కొనాలనుకునేవాటి జాబితాలో, వేసుకుంటారు. విడుదలైన రోజు, తర్వాత 20 శాతమో ఆ పైనో తగ్గించిన రోజు, వాళ్ళకు స్టీమే మెయిల్ పంపిస్తుంది. ఊర్లో పెళ్ళికి ముందు నుంచే చెప్పుకుంటాం కదా, తలంబ్రాల వేళకు పిలిస్తే ఎవరొస్తారు?

పెళ్ళంటే గుర్తొచ్చింది. నాకో సంబంధం గేమ్స్ అన్న మాట మీదే పోయింది. 'పిల్లగాడు రమ్మీ ఆడిస్తడట' అన్నారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2017లోనే నిషేధించింది, 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. మనది ఆ పని కాదు. ఈ తేడా మీ ఇంట్లో ఇవాళే చెప్పండి, సంబంధాలు చూసేదాకా ఆగకండి.

ఇందాక పెద్దలొకరు రుద్రమదేవి మీద, రామప్ప మీద గేమ్ చెయ్యమన్నారు. వారి మాట మీద గౌరవముంది. కానీ గుడి బొమ్మ వెనకాల పెట్టి ముందర మామూలు కత్తియుద్ధం పెడితే ఆ గుడి ఉన్న పాలంపేటవాళ్ళు కూడా కొనరు. రామప్పలో నాకు ఆట కనబడేది వేరేచోట. కింద ఇసుక నింపిన పునాది, పైన నీళ్ళలో తేలేంత తేలిక ఇటుకల గోపురం. బరువు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తగ్గించాలి? అది ఆట. నా రెండో గేమ్ అదే. ఈసారి పేజీ నా ఖాతాలో ఉంది.

మొన్న దాన్ని మా బావ మొబైల్ రిపేరు షాపులో ఒక ఫోన్లో పెట్టాను. తన ఫోను బాగయ్యేదాకా కూర్చున్న ఒకామె ఆడింది. మొదటి ఇటుక ఎలా ఎత్తాలో ఆమెకు తెలియలేదు. నేను పక్కనుంచి "అక్కా, అక్కడ నొక్కి పట్టుకోండి" అన్నాను. బావ నన్ను బయటికి పంపాడు. "కొన్న ప్రతోని పక్కన నువ్వు కూసుంటవా?" అన్నాడు.

మిగతా పాయింట్లు వదిలేస్తున్నాను. భోజనాల దగ్గర బల్ల మీద ల్యాప్‌టాప్ ఉంటుంది, ఆడండి. ఎక్కడ విసుగొచ్చిందో పక్కనున్న నోటుబుక్కులో రాయండి. పేర్లు అక్కర్లేదు. నేను ఏమీ చెప్పను. చెప్పబోతే నన్ను బయటికి పంపడానికి మా బావ అక్కడే ఉంటాడు.