జాన్ జేన్‌ని ఎందుకు కొట్టాడు?

(తెర మీద: కిటికీ అరుగు, ఎర్రటి కర్టెన్, ఒడిలో తెరిచి ఉన్న పక్షుల బొమ్మల పుస్తకం)

నమస్కారం. ఈరోజు ఒక్క ప్రశ్నే తీసుకుందాం. ‘జేన్ ఐర్’ నవల మొదటి అధ్యాయంలో జాన్ రీడ్ జేన్‌ని ఎందుకు కొట్టాడు?

పాఠం కింద తరచుగా కనిపించే ప్రశ్న ఇది. జాన్ దుర్మార్గుడు, జేన్ దిక్కులేని పిల్ల, అందుకే కొట్టాడు అని చాలామంది రాసేస్తారు. అది తప్పని నేను అనను. కానీ ఆ జవాబు రాయడానికి పాఠం చదవక్కర్లేదు, కథ రెండు ముక్కల్లో విన్నా చాలు. పాఠం చదివినవాళ్లు మాత్రమే రాయగలిగే జవాబు ఒకటి ఉంది. అది వెతుకుదాం.

ముందు ఇంట్లో ఎవరెవరో చూద్దాం. షార్లెట్ బ్రాంటే ఈ నవలని 1847 అక్టోబరులో కరర్ బెల్ అన్న పేరుతో వేయించింది. రాసింది ఆడో మగో ఆ పేరు చూస్తే తెలియదు. కథ మొదలయ్యేసరికి జేన్‌కి పదేళ్లు. గేట్స్‌హెడ్ అనే పెద్ద ఇంట్లో ఉంటుంది. ఇంటావిడ మిసెస్ రీడ్. జేన్‌కి ఆవిడ ‘ఆంట్’.

ఇక్కడే ఆగాలి. ఇంగ్లీషులో ఆంట్ అంటే పిన్ని కావచ్చు, పెద్దమ్మ కావచ్చు, మేనత్త కావచ్చు. మనకి ఆ ఒక్క మాట సరిపోదు, ఏ వరసో తెలియాలి. రెండో అధ్యాయంలో తెలుస్తుంది. చనిపోయిన మిస్టర్ రీడ్ జేన్ తల్లికి తోడబుట్టినవాడు. అంటే మేనమామ. మిసెస్ రీడ్ ఆ మేనమామ భార్య. తల్లీతండ్రీ పోయిన పసిదాన్ని ఆయన ఇంటికి తెచ్చుకున్నాడు. పోయేముందు, ఈ పిల్లని మన పిల్లలతో సమానంగా పెంచాలని భార్య దగ్గర మాట తీసుకున్నాడు. ఆవిడకి జేన్‌తో రక్తసంబంధం లేదు. ఉన్నదల్లా ఆ మాటే. ఆంట్ అన్న పదాన్ని చదువుకుంటూ దాటిపోతే ఇది చేతికి దొరకదు.

(తెర మీద: చలిమంట చుట్టూ తల్లి, ముగ్గురు పిల్లలు. గది బయట ఒక పిల్ల)

చలికాలం, బయట వాన. మిసెస్ రీడ్ తన ముగ్గురు పిల్లల్ని చుట్టూ పెట్టుకుని కూర్చుంది. జేన్‌ని దగ్గరికి రావద్దంది. నేను ఏం చేశానని బెస్సీ చెప్పింది అని జేన్ అడుగుతుంది. బెస్సీ ఆ ఇంటి ఆయా. పిల్ల అన్నది అంతే, ఒక ప్రశ్న. ఇది గుర్తు పెట్టుకోండి.

జేన్ పక్క గదిలో కిటికీ అరుగెక్కి, కర్టెన్ లాక్కుని, పక్షుల పుస్తకం పట్టుకుని కూర్చుంటుంది. ఒకవైపు అద్దం, ఒకవైపు తెర. ఆ ఇంట్లో ఆ పిల్లకి దొరికిన చోటు అంతే. అప్పుడు జాన్ వస్తాడు. పద్నాలుగేళ్లవాడు. ఏం కావాలి అని జేన్ అడిగితే, అలా కాదు, ‘మాస్టర్ రీడ్’ అని చేర్చి అడగమంటాడు. మన వరసలో బావ అవుతాడు. అతనికి మాత్రం చిన్నదొర అని పిలిపించుకోవాలి.

తర్వాత ఒక్క మాటైనా అనకుండా కొడతాడు. కారణాలు కొట్టాక చెబుతాడు. మూడు. ఇందాక అమ్మకి ఎదురు చెప్పినందుకు, కర్టెన్ వెనక నక్కినందుకు, రెండు నిమిషాల కింద నీ కళ్లలో కనబడిన చూపుకి.

ఎదురు చెప్పడం అంటే ఏది? ఇందాకటి ఆ ప్రశ్న. నక్కడం అంటే? పుస్తకం చదువుకోవడం. మూడోది వట్టి చూపు. మూడింటిలో ఒక్కటీ నేరం కాదు. కారణాలు జాన్ నోటితోనే చెప్పించి, తీర్పు మనకి వదిలేసింది రచయిత్రి. పరీక్షలో ఈ మూడూ రాస్తే మీ జవాబు పాఠంలోంచి వచ్చినట్టు.

ఇంకా అయిపోలేదు. ఆ పుస్తకం చూపించమంటాడు. మా పుస్తకాలు ముట్టుకునే హక్కు నీకు లేదు, నువ్వు మా మీద ఆధారపడ్డదానివని అమ్మ చెప్పింది, నీ దగ్గర డబ్బు లేదు, అంటాడు. ఇంగ్లీషులో ‘అవర్ బుక్స్’. తెలుగులో మనం తేల్చుకోవాలి: ‘మన’ పుస్తకాలా, ‘మా’ పుస్తకాలా? మేనమామ కోరుకున్నది ‘మన’. కొడుకు అంటున్నది ‘మా’. రెండు మూడు వాక్యాలు దాటేసరికి ఆ ‘మా’ కూడా ‘నా’ అయిపోతుంది. బీరువాలు నావి, ఇల్లంతా నాది, కాకపోతే కొన్నేళ్లలో అవుతుంది. వాక్యాల వెంట వేలు పెట్టి చూడండి, మెట్టు మెట్టుగా మారుతుంది.

అప్పుడు జేన్‌ని తలుపు దగ్గర నిలబడమంటాడు, అద్దానికీ కిటికీలకీ దూరంగా. నాకు గుండె ఆగినంత పనైంది ఇక్కడ. పుస్తకం విసరబోతున్నాడు. పగలకూడదని చూసుకున్నది గాజుని. పిల్ల తల తలుపుకి కొట్టుకుని నెత్తురు కారుతుంది. జేన్ తిరగబడుతుంది. పెద్దవాళ్లు పరిగెత్తుకొస్తారు. ఏం జరిగిందని జేన్‌ని ఒక్కరూ అడగరు. ఎర్రగదిలో పెట్టి తాళం వేయమంటుంది మిసెస్ రీడ్. ఆ ఇంట్లో ప్రశ్న అడగడం కూడా తప్పే అని ముందే తెలుసు కదా మనకి.

(తెర మీద: ఒకే కుర్చీలో పదేళ్ల పిల్ల, వెనక నిలబడ్డ పెద్దావిడ)

రెండో సంగతి, ఈ కథ ఎవరు చెబుతున్నారు? జేనే. అయితే పదేళ్ల జేన్ కాదు. పెళ్లయి పదేళ్లైన జేన్, వెనక్కి చూసుకుంటూ చెబుతోంది. రెండు గొంతులూ ఒకే పేరాలో కలిసి ఉంటాయి. ఎర్రగదిలో పిల్ల ‘అన్యాయం, అన్యాయం’ అనుకుంటుంది. ఆ వెంటనే పెద్ద జేన్, రక్తసంబంధం లేని పిల్ల మీద ఆవిడకి ప్రేమ ఎలా పుడుతుంది అని అత్త వైపు నుంచి కూడా ఆలోచిస్తుంది.

మూడో అధ్యాయంలో మిస్టర్ లాయిడ్ అనే వైద్యుడు, బీద బంధువులుంటే వాళ్ల దగ్గరికి వెళ్తావా అని అడిగితే జేన్ వద్దంటుంది. స్వేచ్ఛ కోసం ‘కాస్ట్’ని వదులుకునేంత ధైర్యం అప్పుడు నాకు లేదు అంటుంది పెద్ద జేన్. అచ్చంగా ఆ పదమే ఉంది. మన కులం అనుకుంటే పొరపాటు, అక్కడ అంతస్తు అని అర్థం. బీదతనం అంటే చిరిగిన బట్టలు, అరకొర తిండి, మొరటుతనం అని ఆ ఇల్లు పిల్లకి నేర్పింది. తనని కొట్టిన ఇంటి కళ్లతోనే పిల్ల బీదవాళ్లని చూస్తోంది. మంచి జవాబులో జేన్ తప్పు కూడా రాయాలి. రచయిత్రి దాచలేదు.

తర్వాత జేన్‌ని పంపే లోవుడ్ బడి గురించి ఒక్క మాట. మాడిన గంజి, చలి, టైఫస్ జ్వరం, వీటి వెనక రచయిత్రి చూసిన బడి ఉంది. 1824లో షార్లెట్ కోవన్ బ్రిడ్జ్ బడిలో చేరింది. అక్కలు మరియా, ఎలిజబెత్ అక్కడి నుంచి క్షయతో ఇంటికి వచ్చి 1825లో చనిపోయారు. దాని మీద వేరే వీడియో చేస్తాను.

ఇప్పుడు మీ వంతు. నాలుగో అధ్యాయం చివర్లో జేన్, నిన్ను నేను ప్రేమించడం లేదు అని అత్త మొహం మీదే చెప్పేస్తుంది. మొదట గెలిచినట్టు ఉంటుంది. కాసేపటికి ఆ పగ, తాగేటప్పుడు ఘుమఘుమలాడిన ద్రాక్షసారా తర్వాత నోట్లో లోహపు చేదుగా మిగిలినట్టు, విషం తిన్నట్టు అనిపిస్తుంది. ఆ పేరా రెండుసార్లు చదవండి. ఆ చేదు తెలిసింది పదేళ్ల జేన్‌కా, కథ చెబుతున్న జేన్‌కా? ఏ మాటని బట్టి చెప్పగలుగుతున్నారో, ఆ మాట కింద గీత గీసి మీ జవాబు రాయండి.