తుంటి నొప్పి పోయాక మెదడు కోలుకుంటుందా?

(విశాఖపట్నం స్టూడియోలో జరిగిన చర్చలో కొంత భాగం)

వ్యాఖ్యాత: అమ్మా, తుంటి కీలు మార్పిడి ఆపరేషన్‌కు ముందు మీ పరిస్థితి ఎలా ఉండేదండీ?

విశ్రాంత ఉపాధ్యాయిని: ఏటా ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకు 32 కిలోమీటర్లు నడిచిన దాన్ని, చివరికి మంచం దగ్గర నుంచి వంటింటికి ఎన్ని అడుగులో లెక్కపెట్టుకునే స్థితికి వచ్చాను. 14 అడుగులండీ. అరిగిన తుంటి కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది స్టవ్ మీద పాలు పెట్టి మరిచిపోవడం. నొప్పితో మెదడు కుంచించుకుపోతుందని ఎవరో చెబితే, నా బతుకు ఇక ఇంతే కాబోలు అనుకున్నాను.

న్యూరాలజిస్టు: ఆ మాటతోనే చిక్కు. 2004లో అమెరికాలో దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్నవారికి ఎమ్మారై తీసి చూస్తే, వారి మెదడులో గ్రే మ్యాటర్, అంటే నాడీకణాలు ఎక్కువగా ఉండే బూడిదరంగు భాగం, నొప్పి లేనివారి కంటే 5 నుంచి 11 శాతం తక్కువగా కనిపించింది. వయసు మీద పడటంతో 10, 20 ఏళ్లలో జరిగే తగ్గుదల అది. దాంతో నాడీకణాలు చచ్చిపోతున్నాయేమోనన్న అనుమానం బలపడింది. చచ్చిన కణాలైతే తిరిగి రావు కదా!

వ్యాఖ్యాత: మరి తిరిగి వచ్చిందా?

న్యూరాలజిస్టు: దాన్ని తేల్చుకోవడానికి తుంటి కీలు అరుగుదల అనువైన జబ్బు, ఎందుకంటే నొప్పికి మూలమైన కీలునే మార్చేయవచ్చు. 2009లో జర్మనీ పరిశోధకులు అలాంటి 32 మంది రోగులను పరిశీలించి, వారిలో కీలు మార్పిడి తర్వాత నొప్పి పోయిన 10 మందికి మళ్లీ స్కాన్లు తీయగా, తగ్గిన చోట్ల గ్రే మ్యాటర్ తిరిగి పెరిగినట్టు కనిపించింది. 2010లో ఆక్స్‌ఫర్డ్ బృందం థాలమస్‌లోనూ ఇదే గమనించింది. థాలమస్ అంటే నొప్పి కబుర్లన్నీ వచ్చి దారులు మారే మన మద్దిలపాలెం జంక్షన్ అనుకోండి. కాబట్టి ఆ తగ్గుదల చాలావరకు నొప్పి తెచ్చిన ఫలితమేగాని, నొప్పికి కారణం కాదు.

ఆర్థోపెడిక్ సర్జన్: ఇక్కడ నేను కాస్త అడ్డుపడాలి. పదిమంది స్కాన్లు చూసి అందరికీ హామీ ఇవ్వలేం. పైగా నొప్పి పోయినవారు మళ్లీ నడుస్తారు, పదిమందిలో తిరుగుతారు. మెదడులో మార్పుకు ఆ కదలిక కూడా కారణం కావచ్చు. మోకీలు మార్పిడి చేయించుకున్నవారిలో దాదాపు ప్రతి 5 మందిలో ఒకరికి నొప్పి మిగిలే ఉంటుంది. అందుకే మెదడు కోసం ఆపరేషన్ చేయమంటే నేను ఒప్పుకోను. నడక, నిద్ర, ఎక్స్‌రే చూసే నిర్ణయిస్తాను.

విశ్రాంత ఉపాధ్యాయిని: నాకు మూడో నెలకల్లా నొప్పి పోయింది, కానీ చెయ్యి మాత్రం చాలాకాలం దానంతటదే గోడను వెతుక్కునేది. పాలంటారా, ఇప్పటికీ అప్పుడప్పుడు పొంగిపోతూనే ఉన్నాయి. కాకపోతే ఆ సమయానికి నా చేతిలో సెల్‌ఫోన్ ఉంటోంది.