పదేళ్లుగా కనిపించని వాడుకరి ఖాతాను వికీపీడియా ఎందుకు తీసేయదు?

[తెర మీద: తెలుగు వికీపీడియాలో ఒక ఊరి పేజీ. ‘చరిత్ర’ మీద నొక్కగానే పేర్లు, తేదీలు వరుసగా తెరుచుకుంటాయి.]

నమస్కారం. తెలుగు వికీపీడియాలో మీ ఊరి పేజీకి వెళ్లి ‘చరిత్ర’ మీద ఒకసారి నొక్కండి. పేజీని ఎవరు మొదలుపెట్టారు, జనాభా లెక్కలు ఎవరు చేర్చారు, అచ్చుతప్పులు ఎవరు దిద్దారు, అన్నీ తేదీలతో సహా కనిపిస్తాయి. తెవికీ మొదలైంది 2003 డిసెంబరులో. తొలినాళ్లలో రాసినవారు చాలామంది ఇప్పుడు అటు తొంగి చూడటం లేదు. వాళ్ల ఖాతాలు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇంగ్లీషు వికీపీడియాలో నమోదైన ఖాతాలు నాలుగున్నర కోట్లకు పైనే. గత 30 రోజుల్లో ఒక్క మార్పైనా చేసినవారు లక్ష పైచిలుకు. మిగతావన్నీ ఊడ్చేస్తే భారం తగ్గుతుంది కదా అనిపిస్తుంది. పెద్దగా తగ్గదు. ఖాతా అంటే డేటాబేసులో ఒక వరుస, అంతే. మీ ఫోనులోని ఒక ఫొటో పట్టే చోటులో అలాంటి వరుసలు వేలకు వేలు పడతాయి.

[తెర మీద: ఒక వ్యాసం అడుగున కనిపించే లైసెన్సు వాక్యం.]

అసలు విషయం హక్కులది. వికీలో రాసినంత మాత్రాన ఆ రచన వికీ సొంతం కాదు. హక్కు రాసినవారి దగ్గరే ఉంటుంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ప్రకారం దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కానీ రాసినవారికి ఆ గుర్తింపు ఇవ్వాలి. ఒక్కో వ్యాసాన్ని పదుల మంది రాస్తారు కాబట్టి ఆ గుర్తింపుకు ఆధారం చరిత్ర పేజీయే. అందులోంచి పేర్లు తీసేస్తే లైసెన్సు షరతు గాల్లో కలుస్తుంది. ఎప్పటిదో పెళ్లి చదివింపుల పుస్తకం ముందేసుకుని, ఈయన ఇప్పుడు మన ఇంటికి రావడం లేదని పేరు కొట్టేస్తామా?

పేరు ఖాళీ చేస్తే ఇంకో చిక్కు ఉంది. యాహూ 2013లో ఏడాదిగా వాడని ఐడీలను కొత్తవారికి పంచింది. వాటిని తీసుకున్న కొందరికి పాత యజమానుల సొంత మెయిళ్లు రావడం మొదలైంది! వికీలో అయితే పోయేది పరువు. ఏళ్ల తరబడి జాగ్రత్తగా రాసినవారి పేరుతో వేరొకరు దిగి తప్పుడు రాతలు రాస్తే ఎవరిని తిడతారు? అందుకే గణనీయంగా రాసిన ఖాతా పేరు సాధారణంగా మరొకరికి ఇవ్వరు. ఒక్క మార్పూ చేయని ఖాతా పేరైతే, కావాలని అడిగినవారికి ఇచ్చే పద్ధతి ఉంది. 2015లో అన్ని భాషల వికీలకూ కలిపి ఒకే ఖాతా విధానాన్ని పూర్తిగా అమలు చేసినప్పుడు, ఒకే పేరుతో వేర్వేరు మనుషులు బయటపడ్డారు. అప్పుడు కూడా ఎవరి ఖాతానూ చెరపలేదు, కొందరి పేరు చివర వారి వికీ గుర్తు తగిలించారు.

మరి నిద్రపోతున్న ఖాతా దొంగ చేతిలో పడితే? ఇది ఉత్తుత్తి భయం కాదు. రెండేళ్లుగా వాడని ఖాతాలను తొలగిస్తామని 2023లో గూగుల్ ప్రకటించింది ఈ భయంతోనే. మెయిలు ఖాతాకు అది సబబే అంటాను, అందులో ఉండేది ఆ మనిషి సొంత సరుకు. వికీ మాత్రం పేరును ముట్టుకోకుండా అధికారాన్ని వెనక్కి తీసుకుంటుంది. పేజీలు తొలగించే, వాడుకరులను నిరోధించే హక్కున్న నిర్వాహకులు రెండేళ్లు ఏ పనీ చేయకపోతే, సొంత నియమం లేని వికీల్లో ముందుగా కబురు పంపుతారు. జవాబు రాకపోతే ఆ హోదా పోతుంది. ఖాతాదారు ఏ ఐపీ చిరునామా నుంచి, అంటే ఏ ఇంటర్నెట్ కనెక్షను నుంచి రాశారన్న సమాచారాన్ని కూడా 90 రోజులకు మించి ఉంచుకోరు.

చనిపోయినవారి సంగతి మరీ సున్నితం. ఆరు నెలలుగా తెరవని ఖాతాలు తీసేస్తామని 2019 నవంబరులో ట్విట్టర్ ప్రకటించింది. పోయినవారి మాటలు చదువుకునేది అక్కడే కదా అని వారి ఆప్తులు మొత్తుకున్నారు. సంస్థ వెంటనే వెనక్కి తగ్గింది. ఇంత పెద్ద సంస్థకు ఆ ఆలోచన ముందే తట్టకపోవడం నాకు ఇప్పటికీ వింతే. ఇంగ్లీషు వికీలో అయితే అలాంటివారి వాడుకరి పేజీని ఎవరూ చెరపకుండా సంరక్షిస్తారు.

[తెర మీద: తెవికీ వాడుకరులు చర్చించుకునే రచ్చబండ పేజీ, వ్యాఖ్యల చివర సంతకాలు.]

‘నా పేరు ఉండనే వద్దు’ అనేవారికీ దారి ఉంది. అడిగితే వాడుకరి పేరును అర్థంలేని అక్షరాలుగా మారుస్తారు, రాసిన మార్పులన్నీ ఆ కొత్త పేరు కిందికి వెళతాయి. అయితే రచ్చబండ అనే చర్చల పేజీలో ఎప్పుడో చేసిన సంతకాలు వట్టి పాఠ్యం కాబట్టి వాటంతట అవి మారవు, విడిగా అడగాలి.

మీకే పాత ఖాతా ఒకటి ఉంటే, ప్రవేశం పేజీలో సంకేతపదం మార్చుకునే లింకు నొక్కి చూడండి. అప్పట్లో ఇచ్చిన ఈమెయిలు ఇంకా మీ చేతిలో ఉంటే చాలు, ఎన్నేళ్లయినా తలుపు తెరుచుకుంటుంది. లేకపోతే కొత్త ఖాతా తెరిచి, పాత పేరేమిటో మీ వాడుకరి పేజీలో రాసుకోండి.