బ్లైండ్ తీయకుండానే కర్టెన్ వేశా: మూడు రాడ్‌ల రివ్యూ

నమస్తే అండీ. నా వెనక కిటికీ కనబడుతోందిగా? పైకి మామూలు కర్టెనే. ఇలా పక్కకి జరిపితే, ఇదిగో, పాత రోలర్ బ్లైండ్, అంటే పైన గొట్టానికి చుట్టుకునే తెర. దీన్ని పీకకుండా పైన కర్టెన్ వేయాలని మూడు రకాల రాడ్‌లు బిగించి చూశాను.

బ్లైండ్ ఉండగా కర్టెన్ దేనికి అంటారా? రోలర్ బ్లైండ్‌లో బట్ట వెడల్పు, పైన బిగించిన చుట్ట మొత్తం వెడల్పు కంటే కాస్త తక్కువ ఉంటుంది. ఆ అంచు సందులోంచి తెల్లవారగానే ఎండ గీత సరిగ్గా నా మొహం మీద పడేది.

ముందు నా తెలివితక్కువ పని చెప్తాను. రంగు చూసి కర్టెన్ తెచ్చేశా, రాడ్ కూడా తెచ్చేశా, కొలత మాత్రం తీసుకోలేదు. నా బ్లైండ్ గోడ నుంచి మూడు అంగుళాలు ముందుకి ఉంది. తెచ్చిన బ్రాకెట్ రెండున్నర! కర్టెన్ వెళ్లి చుట్ట మీద పడుకుంది. బ్లైండ్ దించినప్పుడల్లా బట్టకి రాసుకుని ఆగిపోయేది.

కాబట్టి ముందు టేపు తీయండి. గోడ నుంచి బ్లైండ్‌లో బాగా ముందుకొచ్చిన భాగం దాకా కొలిచి, దానికి అంగుళంన్నర అయినా కలపండి. రింగుల కర్టెన్‌లో కుచ్చులు రాడ్‌కి ముందుకీ వెనక్కీ కూడా వస్తాయి, వాటికి చోటు కావాలి. బ్లైండ్ కిటికీ ఫ్రేమ్ లోపలే ఇమిడి ఉంటే ఈ గొడవే లేదు, మామూలు బ్రాకెట్ చాలు.

ఇక రాడ్‌లు. మొదటిది స్ప్రింగ్ రాడ్. డ్రిల్ అక్కర్లేదు, రెండు గోడల మధ్య బిగుసుకుంటుంది. పల్చటి బట్టకి ఓకే. వెనక ఇంకో బట్ట కుట్టిన నా బరువైన లైనింగ్ కర్టెన్ వేశాక మూడో రోజు అర్ధరాత్రి దబ్బుమని పడింది. దాని సంగతి ఇంతే.

రెండోది, గోడ నుంచి ఎంత ముందుకి కావాలో సర్దుకునే బ్రాకెట్ల మీద రాడ్. బ్లైండ్‌కి తగలదు, హాయిగా జరుగుతుంది. అయితే బ్రాకెట్ ఎంత ముందుకి వస్తే పై స్క్రూ మీద అంత లాగుడు, గోడలో స్క్రూని పట్టుకునే ప్లగ్ గట్టిగా ఉండాలి. కిటికీ పైన కాంక్రీట్ లింటెల్ ఉంటే మామూలు డ్రిల్ దిగదు, హ్యామర్ డ్రిల్ తెచ్చుకోండి. ఇంకో తంటా, కర్టెన్ గోడకి దూరం జరిగేసరికి పక్కల నుంచి వెలుతురు వస్తుంది. అంటే ఏ ఎండ కోసం ఇదంతా చేశానో అదే మళ్లీ!

మూడోది, ఇప్పుడు మీరు చూస్తున్నది. రెండు చివరలూ గోడవైపు వంగి ఉంటాయి. కర్టెన్ ఆ వంపు తిరిగి గోడకి ఆనుతుంది, సందు ఉండదు. ఇదే ఉంచేశాను. మైనస్ ఏంటంటే వంపు దగ్గర రింగులు మొరాయిస్తాయి, కాస్త చేత్తో తోయాలి. బెడ్‌రూమ్‌కి ఇది, పగలు వెలుతురు కావాలనుకునే హాల్‌కి రెండోది తీసుకోండి. బట్ట వెడల్పు మాత్రం రాడ్ పొడవుకి రెట్టింపు తీసుకోండి, లేకపోతే కుచ్చులు రాక దుప్పటి ఆరేసినట్టుంటుంది.

ఒకటి మర్చిపోయా. బ్లైండ్‌ని ఎత్తి దించే గొలుసు ఇప్పుడు కర్టెన్ వెనక్కి వెళ్లిపోయింది. ఇంట్లో చిన్నపిల్లలుంటే అది మెడకి చుట్టుకునే ప్రమాదం ఉంది, కర్టెన్ చాటున మనకి కనబడదు కూడా. గొలుసుని బిగువుగా గోడకి పట్టి ఉంచే క్లిప్ ఇదిగో, కర్టెన్ తగిలించకముందే బిగించేయండి.