రౌటర్‌కు చిన్న యూపీఎస్ కొనాలా? డబ్బా మీద పెద్ద అంకెను నమ్మకండి

అందరికీ నమస్కారం. మన శ్రీకాకుళంలో కరెంటు రెండు రకాలుగా పోతుంది. ఒకటి ముందే చెప్పి పోయేది. లైన్ల మరమ్మతులనో, చెట్టు కొమ్మలు కొట్టాలనో పొద్దున్నే పేపర్లో వేస్తారు, మనమూ సిద్ధంగా ఉంటాం. రెండోది ఇలా పోయి అలా వచ్చేది. ఫ్యాను రెక్కలు ఆగేలోపే తిరిగి వచ్చేస్తుంది. ఇంట్లో ఇంటర్నెట్ మీద పని చేసుకునేవాళ్లను ఏడిపించేది ఈ రెండోదే. ఫ్యానుకు అది క్షణం. రౌటర్ మాత్రం మొత్తం మళ్లీ మొదలుపెట్టాలి. పెట్టె మేలుకోవాలి, ఫైబర్ సిగ్నల్ అందుకోవాలి, ఆపరేటర్ వైపు నుంచి అనుమతి రావాలి, అప్పుడు గానీ నెట్ రాదు. రెండు మూడు నిమిషాలు అలా పోతాయి. సరిగ్గా అప్పుడే అమ్మాయి ఆన్‌లైన్ పరీక్షలో ఉంటుంది, లేదా ఇంటి నుంచి పనిచేసే అల్లుడు బెంగళూరు ఆఫీసుతో మీటింగులో ఉంటాడు.

అందుకే "కొత్త రౌటర్ ఏది కొనమంటారు?" అని అడిగేవాళ్లను నేను ముందు ఒక మాట అడుగుతాను. మీ నెట్ నెమ్మదిగా ఉందా, లేక మాటిమాటికీ తెగుతోందా? నెమ్మదిగా ఉంటే రౌటర్‌ను టీవీ వెనక నుంచి, ఇనుప బీరువా పక్క నుంచి తీసి, ఇంటి మధ్యలో కాస్త ఎత్తులో పెట్టండి. విజయనగరం కోట చుట్టుపక్కల ఉన్నలాంటి మందపాటి గోడల పాత ఇల్లయితే, వెనక గదుల్లో ఫోనును 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటడంలో బలహీనం. దీనికి రూపాయి ఖర్చు లేదు. తెగుతోందంటే మాత్రం, ఎంత ఖరీదైన రౌటర్ తెచ్చినా కరెంటు పోగానే అదీ ఆరిపోతుంది. అప్పుడు కావలసింది ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ పెట్టె.

కెమెరా దగ్గరకు తెస్తాను, చూడండి. దీన్ని రౌటర్ యూపీఎస్ అనీ, మినీ యూపీఎస్ అనీ అంటారు. లోపల లిథియం అయాన్ సెల్స్, అంటే మళ్లీ మళ్లీ చార్జ్ అయ్యే చిన్న బ్యాటరీలు ఉంటాయి. రౌటర్ అడాప్టర్‌ను గోడ ప్లగ్గులోనే ఉంచి, దాని పిన్నును రౌటర్ నుంచి తీసి దీనిలో గుచ్చాలి. దీనితో వచ్చిన తీగను రౌటర్‌కు పెట్టాలి. అంతే, ఎలక్ట్రీషియన్ అక్కర్లేదు. కరెంటు పోయిన సంగతి రౌటర్‌కు తెలియదు. ధర సాధారణంగా వెయ్యి నుంచి రెండు వేల రూపాయల మధ్య ఉంటుంది. ఈ వీడియోకు నాకు ఎవరూ డబ్బులు ఇవ్వలేదు. కంపెనీ పేరు కూడా చెప్పను, ఎందుకంటే ఇందులో పేరు కంటే లేబుల్ ముఖ్యం.

ఆ లేబుల్ దగ్గరే అసలు గారడీ అంతా. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "8,000 ఎంఏహెచ్" అని ఉంటుంది. రౌటర్ అడాప్టర్ మీద "12 వోల్టులు, 1 ఆంపియర్" అని ఉంటుంది. చూడగానే మనం ఏం లెక్క వేస్తాం? 8,000 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు) అంటే 8 ఆంపియర్ అవర్లు, దాన్ని 1 ఆంపియర్‌తో భాగిస్తే ఎనిమిది గంటలు వస్తుందనుకుంటాం. రాదు. ఆ 8,000 అనేది చాలావరకు లోపలి సెల్స్ లెక్క. ఒక్కో సెల్ వోల్టేజి 3.7 మాత్రమే. ఎంఏహెచ్ ఒక్కటే చూసి కొనడమంటే, కాయ ఎంత ఉందో చూడకుండా ఉద్దానం కొబ్బరికాయలను లెక్కపెట్టి కొన్నట్టే.

చూడాల్సింది వాట్ అవర్లు, అంటే బ్యాటరీలో మొత్తం ఎంత శక్తి ఉందో చెప్పే లెక్క. 8 ఆంపియర్ అవర్లను 3.7తో గుణిస్తే 29.6 వాట్ అవర్లు. ఆ 3.7 వోల్టులను 12కు పెంచే క్రమంలో కొంత వేడిగా పోతుంది, కాబట్టి చేతికి వచ్చేది 25 అనుకోండి. ఇక రౌటర్ సంగతి. 12 వోల్టులు, 1 ఆంపియర్ అంటే గరిష్ఠంగా 12 వాట్లు, కానీ మామూలు ఇంటి రౌటర్ అంత తాగదు. 8 వాట్లు అనుకుంటే 25ను 8తో భాగించండి. మూడు గంటలు. ఎనిమిది కాదు, మూడు. మన ఊళ్లో మామూలు కోతకు మూడు గంటలు చాలు. ఎనిమిది గంటలని నమ్మి కొన్నవాళ్లే తర్వాత తిట్టుకుంటారు. డబ్బా మీద వాట్ అవర్లు నేరుగా రాసి ఉంటే ఆ అంకెనే చూడండి.

ఇప్పుడు చాలామంది చూడనిది. మీ ఇంట్లో గోడకు ఉన్నది ఒక పెట్టా, రెండు పెట్టెలా? కొన్ని ఇళ్లలో ఫైబర్ వచ్చి దిగే పెట్టె వేరు, వైఫై ఇచ్చే రౌటర్ వేరు. రౌటర్‌కు మాత్రమే యూపీఎస్ పెడితే, కరెంటు పోయినప్పుడు ఫోనులో వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, నెట్ మాత్రం ఉండదు. లోపలికి తెచ్చే పెట్టె ఆరిపోయి, లోపల పంచే పెట్టె ఒక్కటే వెలుగుతోందన్నమాట. అలాంటివాళ్లు రెండు అవుట్‌పుట్‌లు ఉన్నది తీసుకోవాలి. రెంటికీ కలిపి 14 వాట్లు అనుకుంటే, ఇదే 25 వాట్ అవర్లు రెండు గంటలు కూడా రావు.

వోల్టుల్లో మాత్రం పొరపాటు పడకండి. అడాప్టర్ మీద అవుట్‌పుట్ అన్న చోట 9 ఉంటే యూపీఎస్‌లో 9 ఉన్న అవుట్‌పుట్‌నే వాడాలి, 12 ఉంటే 12నే వాడాలి. 9 వోల్టుల రౌటర్‌కు 12 ఇస్తే కాలిపోవచ్చు. ఆంపియర్లు ఎక్కువైతే భయం లేదు, తక్కువైతే రౌటర్ వెలిగి ఆరుతూ ఉంటుంది. పిన్ను వదులుగా ఉంటే బలవంతం చేయవద్దు. పైకి ఒకేలా కనిపించే పిన్నుల్లో లోపలి రంధ్రం 2.1 మిల్లీమీటర్లు ఉన్నవీ, 2.5 ఉన్నవీ రెండూ ఉన్నాయి.

ఇంకో చిన్న లెక్క. 12 వాట్ల అడాప్టర్ రౌటర్‌కు 8 ఇచ్చాక మిగిలేది 4. ఆ నాలుగుతో ఖాళీ బ్యాటరీ నిండాలంటే ఆరేడు గంటలకు పైనే పడుతుంది. కరెంటు రోజుకు మూడు నాలుగు సార్లు పోయే మే నెలలో అది ఎప్పటికీ నిండదు. యూపీఎస్ కంపెనీ ఒప్పుకుంటే 2 ఆంపియర్ల 12 వోల్టుల అడాప్టర్ పెట్టుకోండి.

డబ్బు పెట్టే ముందు మీ కేబుల్ ఆపరేటర్‌ను తప్పకుండా అడగండి: "బాబూ, మన వీధిలో కరెంటు పోయినప్పుడు మీ దగ్గర బ్యాటరీ ఉంటుందా?" ఫైబర్ తీగకు కరెంటు అక్కర్లేదు, దాన్ని ఇంటింటికీ చీల్చే స్ప్లిటర్‌కూ అక్కర్లేదు. అవతల ఆపరేటర్ యంత్రానికి మాత్రం కావాలి. అక్కడ బ్యాటరీ లేకపోతే మన యూపీఎస్ అలంకారం. ఆయన మాట నమ్మకపోతే పరీక్ష సులువు. మీ వీధిలో ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో, కరెంటు లేనప్పుడు ఫైబర్ పెట్టెను చూడండి. ఎల్ఓఎస్ (LOS) అన్న లైటు ఎర్రగా ఉంటే సిగ్నల్ రావడం లేదు. పాన్ (PON) అన్న లైటు పచ్చగా నిలకడగా ఉంటే అవతలి వైపు బతికే ఉంది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నవాళ్లు ఈ వీడియో ఇక్కడ ఆపేయవచ్చు, కానీ ఒక్క పని చేసి. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్, నార్మల్ అని రెండు స్థానాల మీట ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు మారే సందులో రౌటర్, కంప్యూటర్ ఆగి మళ్లీ మొదలవుతాయి. యూపీఎస్ వైపు తిప్పండి. వోల్టేజి బాగా పడిపోయే వీధుల్లో అది తరచూ బ్యాటరీ మీదికి వెళ్తుంది, అది చూసుకోండి.

కంప్యూటర్ కోసం ఉన్న 600 వీఏ యూపీఎస్‌కే రౌటర్ తగిలించవచ్చు కదా అంటారు. తగిలించవచ్చు. కరెంటు పోయినంత సేపూ అది కూతలు పెడుతుంది. రాత్రి రెండింటికి ఇంటిల్లిపాదీ లేస్తారు.

నాకు ఈ పెట్టె అన్నిటికన్నా నచ్చింది పిడుగుల కాలంలో. ఏప్రిల్ నుంచి జూన్ వరకు మన వైపు సాయంత్రం ఉరుములు ఎలా ఉంటాయో మీకు తెలుసు. మబ్బు పట్టగానే ప్లగ్గులు పీకేయమంటాం, పీకితే నెట్ ఉండదు, అందుకే ఎవరూ పీకరు. ఇప్పుడు అడాప్టర్‌ను గోడ నుంచి పీకేసినా యూపీఎస్ మీద రౌటర్ నడుస్తూనే ఉంటుంది. గోడకు తగిలించి ఉన్నంత వరకు మాత్రం ఇది పిడుగు నుంచి కాపాడదు. రౌటర్ నుంచి కంప్యూటర్‌కు వెళ్లే రాగి ల్యాన్ తీగను కూడా తీసేయండి.

తుపానుకు మాత్రం దీని మీద ఆశ పెట్టుకోకండి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో స్తంభాలే పడిపోయాయి. ఏపీ ఫైబర్‌నెట్ తీగలు వచ్చేది కరెంటు స్తంభాల మీదుగానే, స్తంభం పడితే అవీ పడతాయి. అప్పుడు పవర్ బ్యాంకు, ముందే డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాపులు, డిజిలాకర్‌లో కాగితాలు పనికొస్తాయి. కంప్యూటర్‌లోని పెళ్లి ఫోటోలు, పొలం పత్రాలు ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఎక్కించి, పాలిథిన్ సంచిలో చుట్టి అటక మీద పెట్టండి.

పెట్టే చోటు కూడా చెప్పేస్తాను. యూపీఎస్‌ను రౌటర్ నెత్తిన పెట్టకండి, గుడ్డ కప్పకండి. వేడికి సెల్స్ త్వరగా చస్తాయి. పెట్టె ఉబ్బినట్టు కనిపిస్తే ఆ రోజే వాడకం ఆపండి. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి పిన్నుల మీద పచ్చటి పూత పడుతుంది. అప్పుడప్పుడు అన్నీ పీకి, పొడిగుడ్డతో తుడిచి మళ్లీ గుచ్చండి.

ఇక నా తీర్పు. ఇన్వర్టర్ లేని ఇల్లు, అవతల బ్యాటరీ ఉన్న ఆపరేటర్, ఇంటి నుంచి పనో చదువో ఉంటే కొత్త రౌటర్ కంటే ముందు ఇదే కొనండి. ఆపరేటర్ దగ్గర బ్యాటరీ లేకపోతే కొనవద్దు, ఆ డబ్బుతో ఫోనులో డేటా వేయించుకోండి. మీ అడాప్టర్ మీద ఉన్న వోల్టులు, ఆంపియర్లు, పెట్టెలు ఒకటా రెండా అనేది కింద రాయండి. ఎన్ని వాట్ అవర్లు కావాలో లెక్క కట్టి చెబుతాను.